మందకును మందునకును నడుమ

మానవుడు బుద్ధిపూర్వకముగా పూనుకొని ఈ భూమిమీదనుండి సమూలముగా తుడిచివేసిన వ్యాధులు నేటివరకు రెండే రెండు. అందు మొదటిది మశూచికము. దాని పేరు విననివారు లేరు, దాని మచ్చలను ముఖమున దాల్చిన పెద్దలు నిన్నమొన్నటివరకును మన యిండ్లలో కనబడుచునే యుండిరి. రెండవది పశువులది. మన పల్లెలలో ముసర యనియు పెద్దజాడ్యమనియు పిలువబడి, కాలుపెట్టిన యూర దొడ్లకు దొడ్లనే శూన్యము చేసి, దుక్కికి ఎద్దును, చంటిబిడ్డకు పాలచుక్కను మిగులనీయక తరతరముల కర్షకులను దరిద్రులను గావించిన ఆ మహమ్మారి లోకమునుండి శాశ్వతముగా తొలగిపోయినదని 2011వ సంవత్సరమున ప్రపంచ పశ్వారోగ్యసంస్థయు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థయు ప్రకటించినప్పుడు, ఆ వార్త మన రచ్చబండలవరకు వచ్చినట్లే కనబడదు. రోగము వచ్చిన దినమును ఊరు తరములపాటు జ్ఞప్తియందుంచుకొనును. రోగము రాని దినములను ఎవ్వరును లెక్కింపరు. ఆ లెక్కింపని దినముల వెనుక ఎంతటి శాస్త్రము, ఎంతటి శ్రమ, ఎంతటి ఓర్పు కలవో తెలిసికొన్నగాని, నేడు మన పాడిని పీడించుచున్న గాలికుంటు మొదలగు వ్యాధులతో ప్రభుత్వములు సాగించుచున్న పోరాటము ఇంత దీర్ఘమగుటకు కారణమేమో మనకు బోధపడదు.

ముసర రోగమునకు హేతువు కంటికి కనరాని యొక వైరసు. మన పిల్లలకు వచ్చు తట్టును కలిగించు వైరసునకు ఇది దగ్గరి దాయాది. ఇది సోకిన నాలుగైదు దినములకు పశువు మేత మాని, నెమరు విడిచి, జ్వరమున కాలిపోవును. కన్నులనుండియు ముక్కునుండియు నీరు కారి క్రమముగా చీమువలె చిక్కబడును. చిగుళ్లమీదను నాలుకక్రిందను తవుడు చల్లినట్లు పొర లేచి పుండ్లగును. పిమ్మట ఆపరాని పారుడు పట్టుకొని, ఒంటిలోని నీరెల్ల హరించిపోగా, వారము పది దినములలో గొడ్డు నేలకొరగును. ఇట్టి యుపద్రవము కలిగినప్పుడు మన పూర్వులు గ్రామదేవతకు మ్రొక్కి, రాత్రివేళ ఊరి పొలిమేర వెంబడి పొలి చల్లి, ఆ దినమున పరాయి మనిషినిగాని పరాయి పశువునుగాని హద్దు దాటనీయక కట్టడి చేసెడివారు. ఆ యాచారమునందలి విశ్వాసమెట్టిదైనను, రోగమున్నచోటినుండి లేనిచోటికి రాకపోకలను నిలుపవలెనను ఆలోచన మాత్రము నేటి శాస్త్రమునకు సమ్మతమైనదే యని గుర్తింపక తప్పదు. మందు లేని కాలమున పొలిమేరయే మందు.

పశువులకు వైద్యము చేయవలెనను తలంపు మనకు క్రొత్తది కాదు. విరాటపర్వమున సహదేవుడు గోవుల లక్షణములను వాటి రోగములను ఎరిగినవాడనని చెప్పుకొని మత్స్యరాజు కొలువున చేరుట మనమెరిగినదే. కర్నూలు సీమయందలి ఎర్రగుడి కొండరాళ్లమీద అశోకుడు చెక్కించిన శాసనములలో రెండవది, మనుష్యులకును పశువులకును వేర్వేరుగా చికిత్స యేర్పాటు చేయించితిననియు, ఓషధులు దొరకనిచోట వాటిని తెప్పించి నాటించితిననియు తెలుపుచున్నది. పశుచికిత్స రాజధర్మములలో ఒకటి యను భావము ఇరువదిరెండు శతాబ్దులకు పూర్వమే మన నేలమీద రాతి కెక్కియున్నదన్నమాట.

ఆధునిక పశువైద్యశాస్త్రమును పుట్టించినదియు ఒకవిధముగా ఈ ముసర రోగమే. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండపు మందలను ఇది నాశనము చేయుచుండగా, దాని నెదుర్కొనగల శిక్షితులు కావలెనని 1761లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున తొలి పశువైద్య విద్యాలయము స్థాపితమయ్యెను. మన దేశమున పశువుల మరణములనుగూర్చి విచారించుటకు ఆంగ్లప్రభుత్వము నియమించిన సంఘము 1871లో తన నివేదికను సమర్పించెను. 1889లో పూనా నగరమున ఒక సూక్ష్మజీవి పరిశోధనాలయము వెలసెను. రోగపు వైరసును జనసమ్మర్దమునకును మందలకును దూరముగా, చల్లని తావున ఉంచుట క్షేమకరమని తలచి, 1893లో దానిని హిమాలయములందలి కుమావూ కొండలలోని ముక్తేశ్వరమునకు మార్చిరి. క్షయరోగపు సూక్ష్మజీవిని కనుగొనిన రాబర్టు కోక్ పండితుడు, దక్షిణాఫ్రికాలో ముసరనుగూర్చి పరిశోధనలు చేసి, 1897లో ఈ ముక్తేశ్వరమునకు విచ్చేసెను. నేటి భారతీయ పశువైద్య పరిశోధన సంస్థకు మూలకందము ఆ కొండమీది ప్రయోగశాలయే. అచ్చటనే 1920 దశకమున ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు ముసర వైరసును ఒక మేకనుండి మరియొక మేకకు వందలమారులు ఎక్కించి, ఎద్దును చంపు శక్తి తగ్గి, రక్షణ మొసగు గుణము మాత్రము మిగులునట్లు దానిని సాధువుగావించెను. మేకలనుండి తయారైన ఆ టీకాయే మన దేశపు కోట్ల పశువులకు తొలికవచమయ్యెను.

ఒక దేశపు దొడ్డిలోని రోగము లోకమునకెల్ల సంబంధించినదని నేర్పినదియు ఈ వ్యాధియే. 1920లో మన దేశమునుండి బ్రెజిలునకు ఓడమీద పోవుచున్న పశువులు నడుమ బెల్జియము రేవగు ఆంట్‌వెర్పునందు దిగగా, వాటివెంట ముసర దిగి ఆ దేశమును కలవరపెట్టెను. ఆ భయమే దేశముల నొకచోట చేర్చి, 1924లో పారిస్ నగరమున అంతర్జాతీయ పశ్వారోగ్యసంస్థ యేర్పడుటకు కారణమయ్యెను.

ఇంత ఘోరమైన రోగము ఎట్లు నశించెనను ప్రశ్నకు శాస్త్రము చెప్పు సమాధానము మిక్కిలి రమ్యమైనది. ఈ శత్రువు బలవంతుడేగాని ఉపాయశాలి కాడు. దీని కొకే రక్షణరూపము; ఒక్క టీకా లోకమునందలి ముసర వైరసుల నన్నిటిని అడ్డగలదు. ఒకసారి కోలుకొనిన పశువునకు జీవితాంతము రక్ష. కోలుకొనిన పిమ్మట వైరసు దాని యొంటిలో దాగియుండదు. దోమలుగాని ఈగలుగాని దీనిని మోయవు; ఎండలో నేలమీద ఇది ఎక్కువకాలము బ్రతుకదు. కావున ప్రతిక్షణమును దీనికొక క్రొత్త గొడ్డు కావలెను. నూరు పశువుల మందలో ఎనుబదింటికి టీకాబలముండెనేని, ఒక పశువునుండి వెడలిన వైరసు తన చుట్టును వెదకి వెదకి, చోటు దొరకక, గడ్డివాములు దూరదూరముగా నున్న కళ్లములో నిప్పురవ్వవలె ఆరిపోవును. మంద రక్షణ యన నిదియే: టీకా పడని పశువును కూడ టీకా పడిన పశువులే కాపాడును.

ఈ తత్త్వము నాధారము చేసికొని 1954లో భారతప్రభుత్వము ముసర నిర్మూలన పథకమును ఆరంభించెను. అయిదేండ్లలో ఆవులకును గేదెలకును నూటికి ఎనుబదింటికి టీకా వేయవలెనని సంకల్పించిరి. రాష్ట్రముల సరిహద్దులయందు తనిఖీ కేంద్రములను నెలకొల్పిరి. ఫలము నిస్సందేహముగా గొప్పది. ఏటేట వేలసంఖ్యలో పుట్టుచుండిన దాడులు వందలకు దిగజారెను. కాని అచ్చట నిలిచిపోయెను. ఏండ్లు గడచెను, కోట్ల మోతాదుల టీకా ఖర్చయ్యెను, రోగము మాత్రము దక్షిణాపథమున నిప్పుకణికవలె దాగి అప్పుడప్పుడు రాజుచునే యుండెను.

ఏల? మందు లేక కాదు. రహదారి ప్రక్కనున్న ఊరి గొడ్డునకు ఏటేట మరల మరల సూది పడెను; వాగు కావలి తండాలోని గొడ్డునకు ఒక్కమారైనను పడలేదు. మందలో నాలుగవ వంతో అయిదవ వంతో ఏటేట క్రొత్త దూడలే యగుటచే, ఆ యేడు విడిచిన దూడలు మరుసటేటికి రోగమునకు ఆహారమయ్యెను. సూది వేసిన సంఖ్యలు కాగితముమీద పెరుగుచుండెను. మందకును మందునకును నడుమనున్న దూరము నేలమీద అట్లే యుండెను. దీనికి తోడు మంచు సమస్య యొకటి. సజీవ వైరసుతో చేసిన టీకా పొడి ప్రయోగశాలనుండి పశువు మెడవరకు చల్లదనము చెడక ప్రయాణింపవలెను. రోహిణీకార్తె యెండలో కరగిన మంచుపెట్టెనుండి తీసి వేసిన టీకా, నీటితో సమానము. వేసినవానికిని తెలియదు, వేయించుకొన్నవానికిని తెలియదు, వైరసునకు మాత్రము తెలియును.

1992లో ఐరోపా దేశసమాఖ్య సహాయముతో ఆరంభమైన రెండవ జాతీయ పథకము ఈ లోపములను గుర్తించి మార్గమునే మార్చెను. అప్పటికి కీన్యాదేశమున ప్లౌరైటు అను శాస్త్రవేత్త కనుగొనిన కణవర్ధనపు టీకా ప్రపంచమంతటను వ్యాపించియుండెను. అది మేక టీకావలె సంకరజాతి పశువులను బాధింపదు. అంతకంటె ముఖ్యమైనది దృష్టియందలి మార్పు. ఎన్ని సూదులు వేసితిమని యడుగుట మాని, రోగమెక్కడ కలదని యడుగసాగిరి. ఉద్యోగులు ఊరూర తిరిగి కాపరులను విచారించుట, మందలు వలసపోవు దారులవెంట వెదకుట, పశువుల ఆసుపత్రుల దినచర్య పుస్తకములను త్రిప్పి నోటిపుండ్లు పారుడు కలిసి కనబడిన ప్రతి రోగిని ఆరాతీయుట, ఇట్లు మూడు విధముల అన్వేషణ సాగెను. 1995లో తమిళనాడున కనబడిన దాడియే మన దేశమున చివరిది.

అటు పిమ్మట చేసిన పని సామాన్యుల కాశ్చర్యము గొలుపునది: టీకాను మానివేసిరి! ఏలన, టీకా పడిన పశువు రక్తమునందును, రోగము వచ్చి పోయిన పశువు రక్తమునందును ఒకే విధమైన ప్రతిరక్షక పదార్థములుండుటచే, టీకా సాగినంతకాలము వైరసు నిజముగా పోయినదో, టీకాచాటున దాగినదో తెలిసికొను ఉపాయము లేదు. కవచమును విప్పి నిలిచి, బాణము రాలేదని చూపినవాడే యుద్ధము ముగిసినదని చెప్పుట కర్హుడు. అట్లు విప్పి, ఏండ్ల తరబడి వెదకి, రక్తపరీక్షలు చేసి, ఎచ్చటను లేదని నిరూపించిన మీదట 2006లో భారతదేశము ముసర వైరసు లేని దేశముగా గుర్తింపబడెను.

ఈ పోరాటము సాగుచుండగనే ఒక క్రొత్త సత్యము బయల్పడెను. గొఱ్ఱెలకు మేకలకు ముసర సోకినదని భావింపబడుచుండిన రోగములలో కొన్ని నిజమునకు ముసర కాక, దాని చెల్లెలగు పి.పి.ఆర్. అను పారుడు వ్యాధి యని, 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామపు మందను పరీక్షించిన పిమ్మట శాస్త్రజ్ఞులు తేల్చిరి. 2019వ సంవత్సరపు పశుగణనములో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణ ప్రథమస్థానమును, ఆంధ్రప్రదేశ్ ద్వితీయస్థానమును పొందియుండుటచే, ఈ వ్యాధి మన గొల్ల కురుమల కుటుంబములకు ప్రాణసంకటమైనది. అదృష్టవశమున ఇదియు అక్కవలె ఉపాయశాలి కాదు. ఒక్క సూది మూడేండ్లకు తక్కువ గాకుండ కాపాడును. 2030 నాటికి దీనిని లోకమునుండి తొలగింపవలెనని అంతర్జాతీయ సంస్థల సంకల్పము.

కాని గాలికుంటు అట్లు కాదు. గాలికుంటు వైరసునకు ఏడు వేర్వేరు రూపములు గలవు. అందు ఓ, ఏ, ఆసియా-1 అను మూడు మన దేశమున తిరుగుచున్నవి. ఒక రూపమునకు వేసిన టీకా మరియొక దానిని ఆపలేదు. కావున మూడింటిని కలిపి వేయవలెను. రక్షణ ఆరు మాసములకంటె ఎక్కువ నమ్మదగినది కాదు. కోలుకొనిన ఆవుల, గేదెల గొంతులలో వైరసు మాసముల తరబడి దాగియుండగలదు. ఆవు, గేదె, గొఱ్ఱె, మేక, పంది, అన్నిటికిని ఇది సోకును. గాలిలోను, బండిచక్రము వెంటను, పాలవాని చెప్పుల వెంటను ప్రయాణించును. పెద్ద పశువులను ఇది తరచుగా చంపదు. నోటిలోను గిట్టల సందున పుండ్లు చేసి, మేతను, నడకను, పాలను హరించును. దూడలకు మాత్రము గుండెను పట్టి హఠాత్తుగా ప్రాణము తీయును. తగ్గిన పిమ్మటను కొన్ని పశువులు ఎండకు ఓర్వలేక రొప్పుచు, చూలు నిలువక, యజమానికి భారమై మిగులును. మరణము కనబడనందున దీని నష్టము లెక్కకెక్కదు. ఇది ప్రాణమును గాక బ్రతుకుతెరువును తినును.

2003-04లో 54 జిల్లాలలో మొదలైన గాలికుంటు నియంత్రణ పథకము క్రమముగా విస్తరించి, 2019 సెప్టెంబరు 11న మథురలో ప్రధానమంత్రి ఆరంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమముగా రూపొందెను. గాలికుంటునకును, బ్రుసెల్లా సూక్ష్మజీవి వలన చూడిపశువులు ఈసుకొనిపోవు ఈసుడు రోగమునకును కలిపి 13,343 కోట్ల రూపాయలు అయిదేండ్లకు కేటాయించిరి. ఈసుడు రోగము పాలద్వారమునను, ఈసుకొనిన పిండమును చేతితో ముట్టుటవలనను మనుష్యులకును సోకి, జ్వరములతో కీళ్లనొప్పులతో ఏండ్లకొలది బాధించును. కావున నాలుగు నుండి ఎనిమిది మాసముల పెయ్యదూడలకు జీవితమున నొక్కమారు టీకా వేయుట, ఆ పశువును పెంచు ఇల్లాలి ఆరోగ్యమునకును వేసిన టీకాయే. ఆరుమాసముల కొకసారి వేయు గాలికుంటు టీకాను తయారుచేయు ప్రముఖ సంస్థలలో ఒకటి, జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్, హైదరాబాదునందే యుండుట మనకు సంతోషకరము.

ముసరయొద్ద నేర్చిన పాఠములు ఇచ్చట ఎట్లు ఉపయోగపడుచున్నవో చూడుడు. పశువు చెవికి పండ్రెండంకెల సంఖ్యగల పోగు వేయుట కేవలము లెక్కకొరకు కాదు. ఏ గొడ్డునకు సూది పడినది, ఏది తప్పిపోయినదను, ఆనాడు తెలియని విషయమును నేడు తెలిసికొనుటకు. టీకాచాటున రోగము దాగునను చిక్కునకును శాస్త్రము చక్కని పరిష్కారము కనుగొనెను. గాలికుంటు టీకాలో చంపబడిన వైరసు కణములు మాత్రమే యుండునట్లు శుద్ధిచేయుదురు. సజీవ వైరసు పశుశరీరమున వృద్ధిపొందునప్పుడు మాత్రమే పుట్టు కొన్ని మాంసకృత్తులు అందుండవు. రక్తమున ఆ మాంసకృత్తులకు ప్రతిరక్షకములు కనబడెనా, ఆ పశువునకు టీకా పడినను పడకున్నను, నిజమైన రోగము సోకియుండెనని నిర్ణయింపవచ్చును. కవచమును విప్పకయే బాణపు గుర్తును చూడగలుగుట యన్నమాట.

ఇంతచేసినను చివరి అడుగు మనిషిదే. గాలికుంటు టీకా రెండు నుండి ఎనిమిది డిగ్రీల నడుమ చల్లదనమున నుండవలెను; వేడెక్కినను చెడును, గడ్డకట్టినను చెడును. దానిని భుజమున వ్రేలాడు మంచుపెట్టెలో మోసికొని, గొడ్లు మేతకు పోకముందే, తెల్లవారుజామున ఊరు చేరవలెను. అచ్చట ఒక తల్లి కట్టుకొయ్యయొద్ద నిలిచి, "డాక్టరుగారూ, మాది చూడిగేదె అండీ, సూది వేస్తే ఈసుకుపోతుందేమోనండీ" యనును. మరియొకరు, "పాలు తగ్గుతాయటగా, మా కేంద్రంలో పాలు పోయకపోతే వారం డబ్బు రాదండీ" యందురు. ఆ మాటలను అజ్ఞానమని కొట్టివేయువాడు ముసర కథను తెలిసికొననివాడు. ఆమెకు ఆ గేదెయే బ్యాంకు, ఆ పాలే కూలి. పాలు రెండు మూడు దినములు కొంత తగ్గుట కలదనియు, రోగము వచ్చినచో ఆ యీతంతయు పోవుననియు, నిండుచూడి పశువును మెల్లగా పట్టి జాగ్రత్తగా వేయుదుమనియు కూర్చుండి చెప్పు ఓపిక గలవాడే అసలు వైద్యుడు. నమ్మకము కూడ టీకావలెనే. దారిలో ఎక్కడ చెడినను పనిచేయదు.

ఈ నమ్మకము టీకాదినమున ఒక్కనాడు వచ్చి పోవువానివలన కలుగదు; అర్ధరాత్రి ఈత కష్టమైనప్పుడు, పొదుగువాపు వచ్చినప్పుడు ఆదుకొనిన చేతియందే అది పుట్టును. కావుననే గ్రామీణ పశువైద్యమును, వ్యాధి నియంత్రణమును వేరుపరచి చూచుట పొరపాటు. 1955లో ఆరంభమైన ఆంధ్ర పశువైద్య కళాశాల మొదలుకొని నేటి తిరుపతి, రాజేంద్రనగర విశ్వవిద్యాలయముల వరకు వైద్యులను తీర్చిదిద్దుట ఒక యెత్తు. వారిని గొడ్డుముంగిటికి చేర్చుట మరొకయెత్తు. మనిషివలె పశువు బస్సెక్కి ఆసుపత్రికి రాలేదు. 2000 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రమున వెలసిన గోపాలమిత్రలు, 2017లో తెలంగాణలో నూరు వాహనములతో ఆరంభమై 1962 అను దూరవాణి సంఖ్యకు పలుకు సంచార పశువైద్యశాలలు, 2022లో ఆంధ్రప్రదేశమున మొదటివిడతగా 175 వాహనములతో అదే సంఖ్యకు పలుకునట్లు యేర్పడిన సంచార సేవ, వైద్యమే రోగియొద్దకు నడచిరావలెనను ధర్మమునకు రూపములు. వీటిలో వైద్యుడు, మందు, ఇంధనము ఎల్లవేళల నిండియుండునట్లు చూచుట, ఖాళీపడిన ఉద్యోగమును ఖాళీగా నుంచకుండుట, ఆరంభోత్సవముకంటె కష్టతరమైన రాజధర్మము.

రోగములు నిలిచి మనకై వేచియుండవు. 2019లో ఒడిశాలో తొలుత కనబడిన ముద్దచర్మవ్యాధి, ఈగలు దోమలు పిడుదుల వెంట దేశమంత ప్రాకి, 2022లో రాజస్థాన గుజరాత ప్రాంతములలో భయంకరరూపము దాల్చి దేశమున లక్షకు మించిన ఆవులను పొట్టనబెట్టుకొనెను. చేతనున్న మేకల మశూచి టీకాతోనే వైద్యులు దానికి అడ్డుకట్ట వేసిరి. క్రొత్తరోగమును తొలి పది గొడ్లయొద్ద గుర్తించిన దేశమునకు నష్టము పదులలో, పదివేల గొడ్లయొద్ద గుర్తించిన దేశమునకు లక్షలలో నుండును. 2009లో చేసిన పశువుల అంటువ్యాధుల చట్టము అంటురోగమును తెలియజేయుట యజమానికి విధిగా నిర్ణయించినది. కాని చట్టముకంటె, చెప్పినందున తన గొడ్డునకు మేలే గాని కీడు కలుగదని రైతు ఎరిగియుండుట శ్రేష్ఠము.

ముసర నశించిన కాలమున పశువుల ఆసుపత్రులనుండి మాసమాసమును పైకి పోవుచుండిన నివేదికలలో ఒకే మాట యుండెడిది: లేదు. ఎండలో కాపరుల వెంట నడచి, నోళ్లు తెరచి చూచి, అడిగి, వెదకి వ్రాసిన "లేదు" ఒకటి. గదిలో కూర్చుండి వ్రాసిన "లేదు" మరొకటి. కాగితముమీద రెండును ఒక్కటిగనే యుండును. మొదటిదాని వలన ముసర పోయెను. గాలికుంటును గూర్చి అట్టి "లేదు" వ్రాయగల దినము వచ్చునా యన్నచో, శాస్త్రము తన వంతు చాలవరకు నెరవేర్చినది. మంచుపెట్టె మోసెడి యువకుడు రేపు తెల్లవారుజామున వాగు దాటి, ఆ కడపటి తండాకు పోవునా, పోవుటకు తగిన బలమును మనమాతనికి ఇచ్చితిమా అనుదానిమీద తక్కినది ఆధారపడియున్నది.